నారికురుపు వ్యాసం మీద పేర్లు

ఉపేందర్ మంచివాడే. కాకపోతే భయస్తుడు. ఈ రెండూ ఒకే ఒంట్లో ఉంటే మంచితనానికి పెద్దగా పని దొరకదు.

1950లో జనగామ దవాఖానలో డాక్టరుగా ఉంటూ అతను నారికురుపు మీద ఒక వ్యాసం రాశాడు. దిగుడుబావి నీళ్లను గుడ్డతో వడగట్టి తాగిన ఊళ్లలో, కాలు చీల్చుకుని పురుగు బయటికొచ్చే ఆ జబ్బు తగ్గిందని దాని సారాంశం. ఊళ్లు తిరిగి, జనానికి నచ్చజెప్పి నీళ్లు వడగట్టించింది మాత్రం అతనితో చదువుకున్న డాక్టర్ భూపాల్. కమ్యూనిస్టుల సంఘం దళంలో చేరి అడవుల్లో ఉన్న భూపాల్ మనుషుల చేత వివరాలు పంపేవాడు, ఉపేందర్ రాసేవాడు. ఆ ఏడు ఎండాకాలం మానుకోట అడవిలో పోలీసు కాల్పుల్లో భూపాల్ పోయాడు. వ్యాసం మీద రెండు పేర్లే ఉన్నాయి. ముందు పెద్దడాక్టరుది, తర్వాత ఉపేందర్‌ది. పెద్దాయన పేరు ముందుండటం దవాఖాన రివాజు.

వ్యాసం పత్రికకు పోతున్నదని తెలిసి భూపాల్ భార్య సుగుణ తరిగొప్పుల నుంచి బండి కట్టించుకుని వచ్చింది.

"మా ఆయన పేరేదన్నా?"

"సంఘంల సొంతపేరు ఉండదు చెల్లె. గిది అందరి పని అని వాడే అనేటోడు."

"అందరి పనైతే నీ పేరెందుకున్నది? గది గుడ తీసెయ్యి."

ఉపేందర్ తలుపు దగ్గరికేశాడు. "పేరు పడితే పోలీసోళ్లు నీ ఇంటికొస్తరు. నీ మంచికే."

"నా పరేషాన్ నేను పడ్త. నీ నౌకరికి భయమైతె గట్లనే చెప్పు."

భయం నౌకరికే. అతనికి సిగ్గేసింది.

"అడుగున కృతజ్ఞతలని రాస్త."

"దున్నినోనికి దండం పెట్టి, పంట మీరు పంచుకుంటరా? గీ పెద్దడాక్టరు ఎన్నూర్లు తిరిగిండు?"

"ఒక్కటి గుడ లేదు."

ఉపేందర్ పెద్దడాక్టరు పేరు కొట్టేశాడు. పెద్దాయన తనను ఏ అడవి పక్కకో బదిలీ చేయిస్తాడని తెలిసే కొట్టేశాడు. పైన భూపాల్ పేరు రాయబోయి ఆగాడు.

"పోయినోళ్ల పేరు ముంగట కీర్తిశేషులు అని పెట్టాలె చెల్లె. పెట్టనా?"

అంతసేపూ గట్టిగా నిలబడ్డ సుగుణ బల్ల పట్టుకుని ఏడ్చింది.

"ఆయన పోయిండని మా అత్తమ్మకు ఇంకా ఎరుక లేదన్నా. పోలీసోళ్లు శవాన్ని అడివిలనే కాలబెట్టిండ్రు. కొడుకు బొంబాయిల ఉన్నడని చెప్పిన. ముందుగాల ఆమెకు చెప్పొస్త. అటెన్క రాయి."

ఉపేందర్ కలం మూసి, దవాఖానను కాంపౌండరుకు అప్పజెప్పాడు.

"నువ్వెట్ల చెప్తవు చెల్లె, నేనొచ్చి చెప్త" అని ఆమె వెంట బండెక్కాడు.