రెప్ప పరీక్ష

సాయంత్రం ఏడయ్యేసరికి మేస్త్రి ఇంట్లోంచి ఠంగుఠంగుమని రేకుల చప్పుడు, దాని వెంటే చెంపదెబ్బ చప్పుడు వినిపించేవి. వీధిలో ఎవరూ కంగారుపడేవారు కాదు. "పైలటమ్మకి ట్రైనింగ్ మొదలైంది" అని నవ్వుకుని ఎవరి పనిలో వాళ్లుండేవారు.

మేస్త్రి అంటే కార్లకు పడ్డ సొట్టలు తీసే మనిషి. ఎంత నుజ్జయిన తలుపునైనా కొత్తదానిలా చేసిస్తాడని పేరు. అతనికి ఒక్కతే కూతురు. డిగ్రీ పూర్తవుతూనే ఆ పిల్ల వైమానిక దళంలో పైలట్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. షాపుకి బంపరు బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒక డ్రైవరుకు మేస్త్రి ఆ సంగతి గొప్పగా చెబితే, అతను పళ్లు కుట్టుకుంటూ, "యుద్ధవిమానం నడిపేవాళ్లు రెప్ప వెయ్యరంట కదా మేస్త్రీ, దానికో పరీక్ష కూడా ఉంటుందంట" అన్నాడు. తెలిసి అన్నాడో, ఊరికే నోటికొచ్చింది అన్నాడో!

ఆ రోజే మేస్త్రి రెండు రేకుముక్కలు ఇంటికి తెచ్చాడు. హాలు మధ్యలో కూతుర్ని నిలబెట్టి, ముఖానికి జానెడు దూరంలో వాటిని ఠంగుమనిపించాడు. పిల్ల రెప్ప కొట్టింది. ఆ చెంపా ఈ చెంపా వాయించాడు.

"శత్రువు బాంబు వేస్తే ఇలాగే కళ్లు మూసుకుంటావా? ఇంకోసారి!"

ఆ తర్వాత అది రోజూ జరిగే పనైపోయింది. పది చప్పుళ్లకు ఎన్నిసార్లు రెప్ప పడితే అన్ని దెబ్బలు. కన్నీళ్లు వస్తే ఇంకొకటి అదనం. తల్లి ఆ వేళకు వంటింట్లో మిక్సీ వేసేది. జారులో ఏమీ లేకపోయినా వేసేది.

ఎదురింట్లో బట్టలు కుట్టే పిన్ని ఒకసారి ఆ పిల్ల చెంప మీద నాలుగు వేళ్ల వాతలు చూసి, "ఏమిటే ఇది?" అంది.

"ట్రైనింగ్, పిన్నీ."

"మీ నాన్నలాంటివాళ్లు ఎంతమంది ఉంటారే! ఆడపిల్లవని గారాబం చెయ్యకుండా మగపిల్లాడిలా పెంచుతున్నాడు. రేపు నువ్వు ఆ యూనిఫాం వేసుకున్నాక తెలుస్తుందిలే దీని విలువ" అని ఆమె జాకెట్టు కొలత తీసుకోవడంలో పడింది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ వీధిలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. కొడితేనే గట్టిపడతారని అందరూ మనస్ఫూర్తిగా నమ్మారు, అంతే.

పిల్ల రాతపరీక్ష నెగ్గింది. ఐదు రోజుల ఇంటర్వ్యూలకు వెళ్లి, నూట ఇరవైమందిలో మిగిలిన ఆరుగురిలో ఒకతిగా తిరిగొచ్చింది. అది తెల్లవారుజామున లేచి చేసిన లెక్కల ఫలితం. కానీ మేస్త్రి షాపులో అరచెయ్యి ఎత్తి చూపిస్తూ, "అంతా దీని మహిమ" అని చెప్పుకున్నాడు. ఇక మిగిలింది వైద్యపరీక్ష. తొమ్మిది రోజుల్లో రమ్మని ఉత్తరం వచ్చింది.

ఉత్తరం వచ్చిన సాయంత్రం కూడా రేకులు బయటికి తీశాడు.

"నాన్నా, ఇవాళ వద్దు. ఐదు రోజులు అక్కడే ఉన్నాను కదా, రెప్పల సంగతి ఎవ్వరూ అడగలేదు. అలాంటి పరీక్షే లేదట. నేను అడిగి తెలుసుకున్నాను."

"అడిగావా? మీ నాన్న పిచ్చోడని వాళ్లందరితో నవ్వించావన్నమాట!"

"అది కాదు నాన్నా..."

మాట పూర్తికాలేదు. ఈసారి చెయ్యి చెంప మీద పడలేదు. అరచెయ్యి చాచి ఎడమ చెవిమీద బలంగా కొట్టాడు. పిల్ల తల వెళ్లి తలుపు అంచుకి తగిలింది. చెవి లోపల ఏదో టప్‌మని పగిలినట్టయింది. ఆ వెంటనే లోకమంతా ఒకవైపు మూగబోయింది. లేవబోతే కాళ్లు నిలవలేదు. మెడ మీదికి సన్నగా నెత్తురు జారింది.

"నటించకు, లే!" అని కాలితో తన్నాడు.

అతను బయటికి వెళ్లాక తల్లి నూనె వెచ్చచేసి ఆ చెవిలో పోసింది. తనకు తెలిసిన వైద్యం అదొక్కటే. మూడో రోజుకి చీము పట్టింది.

వైద్యపరీక్ష గదిలో యూనిఫాం వేసుకున్న చెవి డాక్టరు, దాదాపు తల్లి వయసే ఉంటుంది, లైటు వేసి చాలాసేపు చూసింది.

"కర్ణభేరికి చిల్లు పడింది. నూనె పోశారా?"

"పోశాం మేడమ్."

"ఎలా తగిలింది?"

"స్నానాలగదిలో జారిపడ్డాను."

డాక్టరు ఆమె ముఖంలోకి ఒకసారి చూసి మందులు రాసింది. "విమానం దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారుతుంది. ఈ చెవితో నీకు అక్కడ తల తిరిగిందంటే నువ్వూ ఉండవు, విమానమూ ఉండదు. నలభై రోజుల తర్వాత రా. చిల్లు పూడితే పంపిస్తాను. పూడకపోతే ఈ విడతకి నీ పేరు కొట్టేస్తారు. చెవిలో నీళ్లు పడకూడదు, ఏదీ తగలకూడదు."

ఆ నలభై రోజులూ మేస్త్రి కూతురి మీద చెయ్యి చేసుకోలేదు. షాపులో బేరం చెడితే, కూరలో ఉప్పు తగ్గితే, పిల్ల ముఖం ముడుచుకుని కనిపిస్తే, ఆ చెయ్యి తల్లి మీద పడింది. జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. ఒకసారి స్టూలు విసిరాడు. ముప్ఫై ఆరో రోజున మణికట్టు మెలిపెట్టి తిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు పక్క గదిలో ఉన్న కూతురికి, ఒక్క చెవితోనే అయినా, స్పష్టంగా వినిపించింది.

"అమ్మా, పోలీసులకి చెబుదాం."

"నోర్ముయ్యవే. ఇంకా నాలుగు రోజులే. నువ్వు ఎంపికై వెళ్లిపో, ఆ తర్వాత నేను ఎలా పోయినా ఫరవాలేదు."

"నువ్విలా ఉంటే నేనెక్కడికి వెళ్తానే?"

"ఆకాశంలోకి" అని తల్లి నవ్వబోయి, నొప్పికి పెదవి కొరుక్కుంది.

నలభయ్యో రోజున ముగ్గురూ వెళ్లారు. డాక్టరు మొదట పిల్లను ఒక్కదాన్నే లోపలికి పిలిచి, రెండుసార్లు చూసి, శబ్దాల పరీక్ష కూడా చేసింది. ఆమె ముఖం విప్పారింది. "పూడిపోయింది. మచ్చ కూడా పెద్దగా లేదు. మీవాళ్లని పిలువు, నేనే చెబుతాను."

మేస్త్రి లోపలికి వస్తూనే చేతులు జోడించాడు. "నాకు తెలుసు డాక్టరుగారూ. చిన్నప్పట్నించీ గట్టిగా పెంచాను. అల్లాటప్పాగా కాదు."

డాక్టరు చూపు అతని వెనకాల నిలబడ్డ తల్లి కట్టు మీద ఆగింది.

"మీరు కూడా స్నానాలగదిలోనే పడ్డారా అమ్మా?"

తల్లి నేలచూపులు చూసింది. మేస్త్రి, "ఆడవాళ్లు కదండీ, చూసుకుని నడవరు" అన్నాడు.

డాక్టరు సంతకం పెట్టాల్సిన కాగితం బల్ల మీదే ఉంది. పిల్ల నోరు విప్పకుండా ఉంటే చాలు, కోరుకున్నది చేతికొస్తుంది. ఆమె ఆ కాగితం వంక చూసింది, తల్లి చేతి వంక చూసింది.

"మేడమ్, నేను జారిపడలేదు. మా నాన్న కొట్టారు. అమ్మ చెయ్యి విరగ్గొట్టింది కూడా ఆయనే."

మేస్త్రి ఎక్కడున్నాడో మరిచిపోయాడు. ఇరవై రెండేళ్లుగా ఆ చేతికి ఆలోచించే అలవాటు లేదు. బల్ల దాటి ఒక్క అంగలో వచ్చి, అదే చెవిమీద, అదే అరచెయ్యితో కొట్టాడు. పిల్ల కుర్చీతో సహా కూలిపోయింది. పరికరాల ట్రే ఎగిరిపడింది. అతను ఇంకా తన్నబోతుంటే ఇద్దరు సిబ్బంది పరుగెత్తుకొచ్చి, చేతులు వెనక్కి విరిచి గోడకు అదిమిపట్టారు.

"నా కూతురు! నా ఇష్టం! దాన్ని పైలట్‌ని చేసింది నేను!" అని అరుస్తూనే ఉన్నాడు.

డాక్టరు నేల మీదే కూర్చుని, పిల్ల తలను ఒళ్లో పెట్టుకుని చెవిలో లైటు వేసింది. ఆమె వేళ్లకు నెత్తురంటింది. "పోయింది. ఈసారి మొదటిదానికంటే పెద్ద చిల్లు. ఆపరేషన్ లేకుండా పూడదు" అంది. తర్వాత తలెత్తి మేస్త్రితో, "ఏటా ఈ బల్ల దగ్గరికి ఇలాంటి చెవులు వస్తూనే ఉంటాయి. అందరూ జారిపడినవాళ్లే, అందరూ మెట్ల మీంచి దొర్లినవాళ్లే. నిజం చెప్పింది ఇవాళ ఈ పిల్ల ఒక్కతే. విమానంలో లోపం కనబడితే వెంటనే చెప్పేవాడే పైలట్. దాచినవాడు వెనక కూర్చున్నవాళ్లని కూడా చంపుతాడు. మాకు కావలసింది ఇలాంటి మనిషే. తీసుకోకుండా చేసింది మీ చెయ్యి" అంది.

తల్లి కట్టున్న చేతిని మరో చేత్తో పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది.

"డాక్టరుగారూ, ఏం జరిగిందో రాయాలి కదా. తండ్రి కొట్టాడని రాయండి. ఇన్నేళ్లూ తల్లికి తెలుసని కూడా రాయండి."

ఆ విడత జాబితాలో ఆ అమ్మాయి పేరు లేదు. మేస్త్రి మీద కేసు నడుస్తోంది. తల్లీకూతుళ్లు ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు. ఆపరేషన్ జరిగింది. వయసు దాటకముందు ఆమెకు ఇంకొక్క అవకాశం ఉంది. రెండో దరఖాస్తు పంపి, జవాబు కోసం ఎదురుచూస్తోంది. ఆ చెవి మళ్లీ ఆకాశానికి పనికొస్తుందో లేదో డాక్టరు కూడా ఇప్పుడే చెప్పలేనంది.

చదువుతున్న మీలో బిడ్డల్ని కొట్టి గట్టిపరుస్తున్నామని నమ్మేవాళ్లు ఉంటే, ఆ నమ్మకం ఎంత నిజాయితీగలదైనా సరే, ఒక్క మాట వినండి: దెబ్బలతో మనం పిల్లలకు ధైర్యం నేర్పలేం, తగిలిన దెబ్బను దాచుకోవడం మాత్రమే నేర్పగలం.