గొట్టం లోపలి మసి

పేలుడుకి మూడో అంతస్తు కిటికీ అద్దాలన్నీ హైవే మీదకి రాలిపోయాయి. మేం మెట్లెక్కి పరిగెత్తేసరికి పోతురాజు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేదు. ఛాతీ మీద చర్మం లేదు. కుడిచెయ్యి మోచేతి వరకే ఉంది.

“మీటరుకి గ్రీజు రాసేసేరురా, రోనాల్డూ,” అన్నాడు నన్ను చూసి. “ఆపండని కేకేసేను. కింద ఏటి ఎట్టేరు?”

మా బ్యాచ్‌లోని శాంతికుమార్ కింది సిలిండర్ల గది నుంచి ఏడుస్తూ పైకొచ్చాడు. “ఆక్సిజన్ ఎట్టేసేరు మామా! నైట్రోజన్ రానేదు. వద్దని అడ్డం పడితే సూపర్‌వైజరు నన్ను తన్ని, ఆడే వాల్వు తిప్పేసేడు.”

పోతురాజు విన్నాడో లేదో తెలీదు. మేం దుప్పటి తెచ్చేలోపే ప్రాణం పోయింది.

సూపర్‌వైజర్ వరప్రసాదరావు బకెట్లతో నీళ్లు తెప్పించాడు. శవం ఇంకా వెచ్చగా ఉండగానే నేల కడిగించాడు. ఆక్సిజన్ సిలిండర్‌ని వ్యానెక్కించి పంపేశాడు. పోలీసులు వచ్చేసరికి కాంట్రాక్టర్ త్రినాధరావు గేటు దగ్గర నిలబడి, రుమాలుతో ముక్కు మూసుకుని చెబుతున్నాడు. “తాగొచ్చాడండీ. బీడీ వెలిగించాడు. ఏం చేస్తాం, వీళ్లతో ఇదే గొడవ.”

కొత్తగా ఈ పనిలోకొచ్చిన తమ్ముళ్లూ, పోతురాజు ఎవరో మీకు తెలియాలి.

అది 2007. అనకాపల్లి బైపాస్ పక్కన ఆ పెద్ద ఆసుపత్రి కడుతున్నారు. సిలిండర్ల గది నుంచి ప్రతి రోగి మంచం దాకా ఆక్సిజన్ మోసే రాగి గొట్టాలు వేసింది మేమే. రెండు గొట్టాల కొసలు కలిపి, మంటతో ఎర్రగా కాల్చి, వెండి కలిసిన కడ్డీని కరిగించి అతకడమే బ్రేజింగ్. లైను పూర్తయ్యాక కొసకి ఒత్తిడి మీటరు బిగించి, లీకులున్నాయేమో చూడ్డానికి నైట్రోజన్ ఎక్కిస్తారు. నైట్రోజన్ దేన్నీ మండించదు. దాని బదులు ఆక్సిజన్ ఒత్తిడిగా ఎక్కిస్తే, లోపల ఒక్క చుక్క గ్రీజు తగిలినా అది బాంబే.

అందుకే మా మేస్త్రీ పోతురాజు బ్యాచ్‌లో పని మొదలైతే ఎవరూ తలకి నూనె రాయకూడదు. సబ్బుతో చేతులు కడగనివాడు గొట్టం ముట్టుకోకూడదు. బెల్లం మార్కెట్లో కళాసీలు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. “అదుగోరా, ఎండుతలకాయల బ్యాచ్చి వత్తంది! మీ ఇళ్లల్లో నూనె సీసా నేదేట్రా?”

పెళ్లిలో తలంట్లు జరుగుతుంటే కూడా దూరంగా నిలబడ్డ మనిషి పోతురాజు. అలాంటివాడు తాగి పనిలోకొచ్చాడట. బీడీ వెలిగించాడట.

శవానికి స్నానం చేయిస్తున్నప్పుడు ఆయన భార్య తలుపులమ్మ ఇంట్లోంచి నూనె గిన్నె తెచ్చింది. మిగిలిన జుట్టు మీద దోసిలితో పోసింది.

“ఇప్పుడు రాసుకో,” అంది. “ఇంక ఏ గొట్టమూ నేదు నీకు.”

ఆ మాట విని అక్కడ ఏడవని మగాడు లేడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వెనక రేకుల షెడ్డులో కూర్చున్నాం. త్రినాధరావు నుంచి అప్పటికే కబురొచ్చింది. గురువారం విశాఖపట్నం నుంచి ఇనస్పెక్టర్ వస్తున్నాడు. గ్యాస్ లైనుకి సర్టిఫికెట్ ఇస్తాడు. మేం వచ్చి ఆయన ముందు శాంపిల్ అతుకు వేసి చూపాలి. రానివాడి పేరు పోతురాజు చావు కేసులో ఎక్కుతుంది.

శాంపిల్ అంటే ఏమిటో మాకు తెలుసు. అతికేటప్పుడు గొట్టం లోపల నైట్రోజన్ పారుతూ ఉండాలి. అప్పుడే లోపలి రాగి మాడదు. నిలువునా కోసి చూస్తే తళతళలాడుతుంది. నైట్రోజన్ లేకుండా కాలిస్తే లోపలంతా నల్లటి మసి. ఆ మసి ఆక్సిజన్‌తో పాటు రోగి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. త్రినాధరావు నైట్రోజన్ తెప్పించేది శాంపిల్ కోసమే. గోడల్లో ఉన్న అతుకులన్నీ నైట్రోజన్ లేకుండా వేయించినవే. అడిగినవాణ్ణి గేటు బయటికి గెంటించాడు. ఈసారి లైను టెస్టులో కూడా నైట్రోజన్ ఖర్చు మిగుల్చుకుందామనుకున్నాడు, పోతురాజు చచ్చాడు.

“శాంపిల్ కాదు, గోడలోది కోసి సూపిద్దాం,” అన్నాను.

అప్పారావు లేచాడు. మాలో గట్టి గొంతు వాడిదే. “బుర్ర ఉందేట్రా నీకు? ఆ అతుకులేసింది ఎవుడు? మనవే. కోసిన మరుక్షణం బేడీలు మనకేత్తారు. త్రినాధరావు కారెక్కి ఎల్లిపోతాడు.”

“అయితే నోరు మూసుకుని శాంపిల్ ఏసేద్దామా బావా?”

“నానలాగన్నానేటి? ఊరికే రెచ్చిపోకురా. ఆడికి మనుషులున్నారు. కత్తులున్నాయి.”

సైటు ఊడ్చే రూతమ్మ ద్వారం దగ్గర కూర్చుని వింటోంది. “ఒరే అప్పారావూ,” అంది. “మొన్న నీ మావకి ఆయాసమొత్తే ఎక్కడికి మోసుకెల్లేవు?”

“ఆసుపత్రికి.”

“రేపొత్తే ఏ ఆసుపత్రికి మోత్తావు?”

జవాబు కూడా రూతమ్మే చెప్పింది.

“మనం కట్టిన దానికే. ఆ మాస్కు ఆడి మూతికి నువ్వే పట్టుకుంటావు. ఆ మసి ఆడు పీలుత్తంటే సూత్తా కూకుంటావు. అప్పుడు సెప్పు నాకు, కత్తులున్నాయని.”

షెడ్డు అదిరేలా అందరూ ఒకేసారి మాట్లాడారు. తిట్టుకున్నారు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. అప్పుడు తలుపులమ్మ లోపలికొచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది. మొగుడు పోయాక ఆమె కూడా తలకి నూనె పెట్టలేదు.

“నా మొగుడు తాగుబోతని కాయితం రాసుకున్నారు,” అంది. “మీరందరూ ఇక్కడే ఉండండి. నానొక్కదాన్నే ఎల్తాను.”

అప్పారావు అందరికంటే ముందు తన సంచిలోంచి రంపం తీశాడు. “పదమ్మా,” అన్నాడు. “గురువారం దాకా ఆగు. అందరం వత్తాం.”

గురువారం పొద్దున్నే తలుపులమ్మతో, రూతమ్మతో కలిసి వెళ్లాం. చేతుల్లో ఇనుప రంపాలు. ఇనస్పెక్టర్ మూడో అంతస్తు ఐసీయూలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. బల్ల మీద సర్టిఫికెట్, పక్కన పెన్ను, ముందే తయారుచేసి ఉంచిన శాంపిల్. నిలువునా చీల్చిన ఆ గొట్టం లోపల కొత్త రాగిలా మెరుస్తోంది.

“అది పక్కనెట్టండి సార్,” అన్నాడు అప్పారావు. “గోడలోది కోత్తాం.”

త్రినాధరావు నవ్వాడు. “బయటికి పదండ్రా. మీరు ముందే మసి పూసి పెట్టుకున్న ముక్క ఎవడిక్కావాలి?”

“మేం సూపించం,” అంది రూతమ్మ. “నువ్వే ఏలెట్టి సూపించు. ఏ గోడైనా సరే. ఏ మంచం పక్కదైనా సరే.”

త్రినాధరావు వేలు కదల్లేదు. ఇనస్పెక్టర్ తన తల వెనక ఉన్న గొట్టం వైపు చూశాడు. ఆ చూపు చాలు. అప్పారావు ఆ అతుకు మీదే రంపం పెట్టాడు. ముక్క తెగి నేల మీద పడింది. నిలువునా చీల్చాడు. బల్ల మీద, సర్టిఫికెట్ మీద నల్లటి పొడి రాలింది.

ఇనస్పెక్టర్ పెన్నుకి మూత పెట్టేశాడు.

“కొట్టండ్రా నాకొడుకుల్ని!” అని అరిచాడు త్రినాధరావు.

అతని మనుషులు పక్క గదిలోనే కాచుకుని ఉన్నారు. ఇనుప రాడ్లు, చెరుకు కత్తులు. మొదటి దెబ్బ అప్పారావు దవడ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది. శాంతికుమార్ మోకాలి మీద కొట్టారు. వాడు కింద పడి కూడా ఒకడి కాలు కరిచి వదల్లేదు. నా మీదకి కత్తెత్తినవాడి తల మీద రూతమ్మ ఫినాయిల్ బకెట్ బోర్లించింది. వాడు కళ్లు పట్టుకుని గెంతుతుంటే, “కడుక్కోరా, నేల కడిగినట్టు కడుక్కో!” అని చీపురు కర్రతో వీపు చీల్చింది. వరప్రసాదరావు పారిపోబోయాడు. మెట్ల దగ్గర పట్టుకున్నాను. పోతురాజు కూర్చున్న గోడకేసి వాడి మొహం కొట్టాను. నెత్తురొచ్చేదాకా కొట్టాను.

“గ్రీజు ఎవుడు రాసేడు?”

“నేనే! మీటరు మర బిగుసుకుపోయింది, రాయమన్నారు!”

“వాల్వు ఎవుడు తిప్పేడు?”

“నేనే! ఆయనే తిప్పమన్నాడు!”

ఆ అరుపు హైవే దాకా వినపడింది. గొడవ చూసి ఫ్యాక్టరీకి పోతున్న చెరుకు ట్రాక్టర్లు అక్కడే ఆగిపోయి ఉన్నాయి. కోటవురట్ల వైపు రైతులు, కోత కూలీలు, ఆడా మగా గేటు తోసుకుని లోపలికొచ్చారు. త్రినాధరావు మనుషులు కత్తులు పారేసి, మెట్లు దిగి ప్రహరీగోడ దూకారు.

గెలిచామనుకున్నాం. అంతలో కిందనుంచి కేక వచ్చింది. గొడవలో కిందికి జారుకున్న త్రినాధరావు ఇనస్పెక్టర్ రెక్క పట్టుకుని కారులోకి తోస్తున్నాడు. “సంతకం మా ఆఫీసులో పెడుదురు గాని, పదండి. తెగిన ముక్క ఒక్కటేగా. సాయంత్రానికి అతికించేస్తాం.”

కారు పోయింది. దాని వెనకే పోలీసు వ్యాను వచ్చింది. లాఠీలు తలల మీద, చేతుల మీద, కిందపడ్డవాళ్ల వీపుల మీద పడ్డాయి. మా బ్యాచ్ మొత్తాన్ని మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చారు. చేతుల్లోని రంపాలు ఆవరణలో పడిపోయాయి. పగిలిన దవడతో అప్పారావు మాట్లాడలేకపోయాడు. నెత్తురు ఉమ్ముతూ పైఅంతస్తు వైపు చెయ్యి చూపించాడు. ఇంకా అన్ని గోడలూ, అన్ని అతుకులూ అలాగే ఉన్నాయని దానర్థం.

ఆ చెయ్యి వైపు తలుపులమ్మ ఒక్కతే చూసింది. భర్త పోయిన మనిషని ఆమెని పోలీసులు వదిలేశారు. ఆమె వంగి అప్పారావు రంపం తీసుకుంది.

“ఒక్క ముక్కయితే అతికిత్తాడట,” అంది చుట్టూ ఉన్న జనంతో. “అన్నీ కోసేత్తే?”

ట్రాక్టర్ దిగొచ్చిన పెద్దాయన ఒకాయన ముందుకొచ్చాడు. ఇరుసు గ్రీజు పూసుకున్న చేతులతో రెండో రంపం ఎత్తాడు. ఆయన వెనక ఇంకొందరు వంగారు.

తలుపులమ్మ ఆయన ముందు చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగు మావా. పంపు అక్కడుంది. సబ్బు రూతమ్మ ఇత్తాది. చేతులు కడుక్కుని రా. అది మా ఆయన గొట్టం.”

వ్యాను తలుపులు మూసేశారు. బండి కదిలింది. గేటు దాటుతుండగా మూడో అంతస్తులో మొదటి రంపం చప్పుడు వినపడింది. తర్వాత రెండోది. హైవే ఎక్కేసరికి భవనమంతటా రంపాలు ఒక్కసారిగా కోస్తున్నాయి.