నాచారం మెట్ల మీది చెప్పులు

నాచారంలో ఉప్పలమ్మ ఇంటి మెట్లు ఊడ్వాలంటే ముందు చెప్పులు జరపాలి. ఆమె పొద్దున్నే చీపురు పట్టుకొని కింది మెట్టు మీద నిలబడి, పైకి చూసి, "ఇయ్యాల పెండ్లి జనం దిగినట్టున్నరు" అని గొణుక్కునేది. మెట్టుమెట్టుకూ జతలే. హవాయి చెప్పులు, మడమెత్తు చెప్పులు, బాటలో నడిచీ నడిచీ అప్పడాల్లాగా పల్చబడ్డ చెప్పులు. ఎన్ని జతలని అడగొద్దు. కొమురెల్లి జాతరకు పోయే జనమంతా దారి తప్పి ఇక్కడ దిగి, చెప్పులు విడిచి, పై అంతస్తులో మాయమైపోయిన్రంటే నమ్మేటట్టు ఉండేది.

పై అంతస్తులో కిరాయికున్నది ఒక్క సరితే. జనగామ దిక్కు నుంచి వచ్చి, మందుల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. సెలవు రోజుల్లో తన అర్రలో ఇంకో కంప్యూటర్ ముందు కూర్చొని బ్లాగు రాసేది. దాని పేరు 'వాకిట్ల ముచ్చట'. అత్తల మీద, మొగుళ్ల మీద, ఆడబిడ్డల మీద, ఆఫీసు సారు మీద ఆమె రాసింది చదివితే నవ్వీ నవ్వీ కడుపులో పేగులు చుట్టుకునేవి. ఒకామె నవ్వుతుంటే పొయ్యి మీది పాలు పొంగి, వంటిల్లు దాటి, పక్కింటి దాకా పారినయట. పక్కింటామె వాటితో పాయసం వండుకుందట.

చదివి ఊకునేవాళ్లతో ఏ తంటా లేదు. చదివి, కింద కామెంటు రాసి, పేరూ మెయిలూ పెట్టి నొక్కినవాళ్ల చెప్పులు మాత్రం తెల్లారేసరికి మెట్ల మీదికొచ్చేవి. వాళ్ల జత వాళ్ల కాళ్లకు ఉండనే ఉండేది. ఇక్కడికొచ్చేది అచ్చం అట్లాంటిదే ఇంకో జత. వాళ్లు ఎక్కడ నడిస్తే అక్కడి దుమ్ము వీటికీ అంటేది. వాళ్ల పట్టీ తెగితే వీటి పట్టీ తెగేది. కామెంటు ఉన్నన్నాళ్లూ చెప్పులుండేవి, కామెంటు తీసేస్తే పోయేవి. వాడకట్టులో దీని గురించి ఎవరూ చర్చ పెట్టుకోలేదు. పాలాయన ఒక తాప కాలు జారి క్యాను ఒలకబోసుకొని, "ఓ సరితమ్మా, నీ బ్లాగోళ్లను జర ఒక పక్కకు విడవమను" అన్నడు, అంతే. సరిత ఆ చెప్పుల ముచ్చట కూడా బ్లాగులో పెట్టి నవ్వించింది.

బ్లాగు అడుగున సరిత పెద్ద అక్షరాలతో ఒక మాట రాసి పెట్టింది: 'ఇక్కడ చెప్పుకున్నది గడప దాటదు. మీ పేరు, మీ మెయిలు, మీ ఊరు ఎవ్వరికీ చెప్ప. ఒట్టు.' మొదట్ల ఏదో ఇంగ్లీషు సైటు నుంచి రెండు గజాల పాలసీ తెచ్చి అతికించింది గానీ, చదివినవాళ్లకు తలనొప్పి వచ్చి జండూబాములకు గిరాకీ పెరిగిందే తప్ప ఎవరికీ అర్థం కాలేదు. ఈ ఒట్టు మాత్రం అందరికీ నచ్చింది. ఆడవాళ్లు తల్లికి కూడా చెప్పనివి చెప్పుకునేవాళ్లు.

ఉప్పలమ్మకు చదువు రాదు. ఆమెకు చెప్పులే కామెంట్లు. సాయంత్రం చుట్టాలెవరైనా వస్తే చాయ్ పోసి, మెట్ల మీద కూర్చోబెట్టి, ఒక్కో చెప్పు బోర్లించి చూపించేది.

"గిది సూడు వదినె. మడమ లోపలికి అరిగింది. నెత్తి మీద బరువు మోసే ఆడిది. గీ ఎర్రమన్ను నాగారం దిక్కుది. గీమె అత్త చెడ్డది."

"అత్త సంగతి చెప్పుల ఏడ రాసుందే?"

"గంత దూరం నడిచొచ్చి మల్ల గంతే దూరం నడుస్తుందంటే ఇంట్ల కూసోబుద్ధి కాకనే గదా."

సరిత పైనుంచి వింటూ నవ్వుకునేది. తాను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ముసలామె ఊసుపోక ఆడుకుంటుంది, ఆడుకోనీ అనుకునేది. లోపల ఇంకోటి కూడా ఉంది. చుట్టాలు "గిన్ని జతలా" అని నోళ్లు తెరిస్తే ఆమెకు గొంతులో చక్కెర పోసినట్టుండేది.

ఆషాఢం ముందర సరిత 'బయటి గొళ్లెం' అని ఒకటి రాసింది. పనికిపోతూ పెండ్లాన్ని ఇంట్లో పెట్టి బయట తాళమేసుకొని పోయే మొగుడి ముచ్చట. నవ్వించనీకే రాసింది. దాని కింద ఒక కామెంటు వచ్చింది. పేరు 'నీలి' అని ఉంది.

'మా ఇంట్ల గూడ గంతే అక్క. తొమ్మిదేండ్లు. నేను నవ్విన గని చదివినంక ఏడ్చిన. గీ సంక్రాంతి దాటినంక బయటవడ్డ. ఇప్పుడు పనికి పోతున్న, ఎవ్వలు తాళమేస్తలేరు. పొద్దుగాల తలుపు నేనే తీస్త, నేనే పెడ్త.'

ఆ నాలుగు ముక్కల కింద ఆడవాళ్లు విరగబడ్డరు. మా ఇంట్ల అంటే మా ఇంట్ల అని. వాన నీళ్లు మెట్లు దిగినట్టు చెప్పులు మెట్లెక్కినయి. పిట్టగోడ మీద కూడా జతలే. పిట్టలు వాలనీకె జాగలేక లాలాపేట్‌కు వలసపోయినయని ఉప్పలమ్మ చెప్పింది.

నీలి చెప్పులు మూడో మెట్టు మీదికొచ్చినయి. నీలం హవాయి జత. ఎడమదానికి నీలం పట్టీ తెగితే ఆకుపచ్చ పట్టీ వేసి ఉంది. రెండింటి అడుగులూ పసుపు కొమ్ముల్లాగా పచ్చగా ఉండేవి. రోజూ కొత్త పసుపు.

"పీర్జాదిగూడల పసుపు కారం పట్టే మిల్లున్నది గదా, గండ్లనే పనిజేస్తది" అని ఉప్పలమ్మ ఆ పొద్దే తేల్చేసింది.

వారం తిరగకముందే సరితకు మెయిల్ వచ్చింది.

'అక్కా, నా కామెంటు తీసెయ్యి. ఆయన నన్ను ఎతుకుతుండని తెలిసింది. నా చెప్పులు నీ మెట్ల మీద అందరికి కనవడుతయి గదా. నాకు బుగులైతుంది.'

సరిత వెంటనే రాసింది. 'ఫికర్ చెయ్యకు చెల్లె. నీ అసలు పేరు గూడ నాకు తెల్వదు. నేను ఎవ్వరికి చెప్ప. ఆదివారం దాకా ఆగు, తీసేస్త.'

ఆదివారం దాకా ఎందుకంటే, పేపర్లో రాసే ఒకాయన వస్తానన్నడు. ఆదివారం పుస్తకంలో 'వాకిట్ల ముచ్చట' గురించి ఒక పేజీ, మెట్ల ఫోటోతో సహా. నీలి కామెంటు తీసేస్తే దాని కింద వేలాడే కామెంట్లన్నీ గుత్తికి గుత్తి ఊడిపోతయి. సగం మెట్లు ఖాళీ అయితయి. ఫోటోకు ఏముంటది?

అయినా సరితకు మనసు నిమ్మలం కాలేదు. నీలి చెప్పులను లోపల దాచిపెడదామని చేతిలో పట్టుకొని గడప దాకా వచ్చింది. ఉప్పలమ్మ అడ్డంగా నిలబడ్డది.

"ఏందది? చెప్పులు ఇంట్లకు తెస్తవా? బోనమెత్తే నెల."

"ఒక్క జతనే ఉప్పలమ్మత్తా. సంచిల చుట్టి మూలకు పెడ్త."

"సంచిల చుడితే చెప్పు కాకుండ పోతదా? మా అత్త సచ్చిపోయిన్నాడు గూడ ఆమె చెప్పులు గడప దాటలే. ఆడనే పెట్టు. ఎవ్వలెత్తుకపోతరు, గవి బంగారపువా?"

సరిత కూడా ఆ గడపకు పసుపు రాసిన మనిషే. చెప్పుతో దాటడానికి ఆమె కాలు కూడా రాలేదు. మూడో మెట్టు మీదనే పెట్టి పైన గోనెసంచి కప్పింది.

పేపరాయన వచ్చే పొద్దున ఉప్పలమ్మ మెట్లు కడిగింది. గోనెసంచి తీసి పారేసి, జతలన్నీ బడిపిల్లల్లాగా వరుస కట్టింది. రంగులు బాగుంటయని నీలం జతను ముందుకు పెట్టింది. సరిత చూసింది. పైమెట్టు మీద కొత్త చీరలో కూర్చొని ఉంది, కెమెరా ఎత్తిపట్టి ఉంది. లేచి పోయి తీద్దామనుకుంది. 'కదలకండి మేడం' అన్నడు ఫోటో తీసే అతను. కదల్లేదు.

ఫోటో మస్తు వచ్చింది. ఆ ఆదివారం హైదరాబాదంతా ఆ పేపరే చదివిందంటే అబద్ధం కాదు. ఉప్పల్ చౌరస్తా నుంచి తార్నాక దాకా మిర్చిబజ్జీలన్నీ సరిత ముఖంలోనే చుట్టి అమ్మిన్రు. ఫోన్ల మీద ఫోన్లు, మెయిళ్ల మీద మెయిళ్లు. ఆ సంబురంలో కామెంటు తీసుడు సోమవారానికి పోయింది. సోమవారం ఆఫీసులో పని పడ్డది.

మంగళవారం పగటిపూట సరిత ఆఫీసులో ఉన్నప్పుడు మహిపాల్ అనే ఒకాయన వచ్చిండు. తల దువ్వుకొని, చొక్కా ఇస్త్రీ చేసుకొని, అరడజను అరటిపండ్లు పట్టుకొని వచ్చిండు. గేటు బయటే నల్ల బూట్లు విడిచిండు. అంత మర్యాదస్తుణ్ణి ఉప్పలమ్మ తన జన్మలో చూడలేదు.

"పేపర్ల సూసిన పెద్దమ్మా. మాది లాలాపేట్. మస్తు జనం సదువుతరట గదా."

"సదువుడా బిడ్డా? పొద్దటి నుంచి పొద్దుమీకె దాకా చెప్పినా గీళ్ల ముచ్చట్లు అయిపోవు."

అతను మూడో మెట్టు ముందు వంగిండు. తానే వేసినదాన్ని సరిచూసుకున్నట్టు ఆకుపచ్చ పట్టీని వేలితో లాగి చూసిండు.

"గీ పట్టీ ఎవలో మంచిగనే ఏసిన్రు" అన్నడు.

"గామెదా? గామెది పీర్జాదిగూడ. పసుపు మిల్లుల పని" అన్నది ఉప్పలమ్మ, చాయ్ గ్లాసు అందిస్తూ. "అడుగు సూడు, ఎంత పచ్చగున్నదో."

అతను అడుగు చూసిండు. చాయ్ మొత్తం తాగిండు. గ్లాసు తానే కడిగి బోర్లించి పోయిండు.

సాయంత్రం సరిత వచ్చేసరికి ఉప్పలమ్మ అరటిపండు తింటూ ముచ్చటంతా చెప్పింది. సరిత బ్యాగు కూడా దించకుండా పైకి పోయింది. నీలికి మెయిల్ రాసింది, ఆ జాగ విడిచిపెట్టి పో అని. జవాబు రాలేదు. తెల్లారి చెప్పులు తిప్పి చూస్తే అడుగులు తెల్లగా ఉన్నయి. పసుపు లేదు. మన్ను లేదు. ఆ మరునాడు కూడా అట్లనే. కడిగి ఎండబెట్టిన పళ్లెంలాగా ఉన్నయి. ఎక్కడా నడవని కాళ్లవి.

వాటి పక్కన కొత్తగా ఒక జత నల్ల బూట్లు చేరినయి. వాటి కామెంటు 'బయటి గొళ్లెం' కిందనే ఉంది: 'బాగ రాసినవ్ చెల్లె. ఇట్లనే రాస్తుండు.'

"నువ్వు చెప్పినవ్" అన్నది సరిత.

"నేను చెప్పిన" అన్నది ఉప్పలమ్మ. "నువ్వు పెట్టినవ్."

ఇద్దరూ మెట్టుకు చెరో దిక్కు కూర్చున్నరు. మధ్యలో చెప్పులున్నయి.

పోలీస్ స్టేషన్‌కు పోయింది సరిత. ఆ పిల్ల అసలు పేరేంది అంటే తెల్వదు. ఇల్లెక్కడ అంటే లాలాపేట్‌లో ఏదో గల్లీ. సాక్ష్యమేంది అంటే చెప్పుల అడుగులు తెల్లగా ఉన్నయి. రాసుకునే ఆయన కలం పక్కన పెట్టి, "మొగుడు పెండ్లాన్ని ఇంటికి తీస్కపోతే గూడ కేసేనా మేడం?" అన్నడు. లాలాపేట్‌లో రెండు ఆదివారాలు గల్లీగల్లీ తిరిగింది. బయట తాళాలున్న ఇండ్లు ఒకటా రెండా. ఏ తాళం వెనుక మనిషి ఉందో ఏ తాళం చెప్పదు.

ఇప్పుడు కామెంటు తీసెయ్యాలంటే ఆమెకు చేతులాడలేదు. తీస్తే ఆ చెప్పులు పోతయి. ఆ పిల్ల ఉందో పోయిందో తెలిసే దారి అదొక్కటే. రోజూ పొద్దున లేవగానే, ముఖం కడుక్కోకముందే, వచ్చి అడుగులు చూసేది. తెల్లగా. తెల్లగా. మిగిలిన ఆడవాళ్లు ఎట్ల విన్నరో విన్నరు. 'అక్కా నాది తీసెయ్యి' అని ఒక్కొక్కరే రాసిన్రు. అడిగినవాళ్లది అడిగినట్టే తీసేసింది. మెట్లు ఒక్కొక్కటే బయటపడ్డయి. దసరా నాటికి ఉప్పలమ్మ ఒక్క ఊపులో ఊడ్చేసేది.

ఒక వాన పొద్దున సరిత మూడో మెట్టు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. నీలం చెప్పులు తడిసి ఉన్నయి. వేళ్ల సందు దాకా బురద. ఎడమ చెప్పు ఆకుపచ్చ పట్టీ సగం తెగి ఉంది, పరుగెత్తితే తెగినట్టు. అడుగులు తిప్పి చూస్తే ఏ మన్నో తెలిసిపోయేది. ఆమె చెయ్యి ముందుకు పోయింది కూడా. పక్కనున్న నల్ల బూట్లు పొడిగా ఉన్నయి, ఇంకా నిద్ర లేచినట్టు లేవు.

చెయ్యి వెనక్కి తీసుకుంది. కింద ఉప్పలమ్మ గొళ్లెం తీసిన చప్పుడైంది. సరిత పైకి ఉరికి, కంప్యూటర్ పెట్టి, అది తెరుచుకునే లోపల రెండు తాపలు దేవునికి మొక్కి, నీలి కామెంటు తీసేసింది. ఆమె మెయిల్ తీసేసింది. తాను ఆమెకు రాసినవీ తీసేసింది. బయటికొచ్చి చూస్తే మూడో మెట్టు మీద తడి కూడా లేదు.

పొద్దెక్కక ముందే మహిపాల్ వచ్చిండు. ఈసారి తల దువ్వుకోలేదు. అరటిపండ్లు తేలేదు. బూట్లు విడవకుండానే మూడో మెట్టు దాకా ఎక్కిండు.

"ఆ జత ఏది?"

"తీసేసిన" అన్నది సరిత.

"ఏం అంటుకొని ఉండె దానికి?"

"సూడలే."

"పెద్దమ్మా, నువ్వు సూసినవా?"

ఉప్పలమ్మ నోరు తెరిచింది. ఆమె బతుకులో ఏ చెప్పు గురించైనా చెప్పడానికి లేకపోవడం అదే మొదలు. "నేను లేచేసరికే లేవు బిడ్డా" అన్నది, తనకే అన్యాయం జరిగినట్టు.

అతను సరిత ముఖంలోకి చానాసేపు చూసిండు. అబద్ధం దొరుకుతదేమో అని వెతికిండు. ఉంటే గదా. చివరికి బండి తిప్పుకొని పోయిండు, ఏ దిక్కు పోవాలో తెల్వక రోడ్డు మీద అటొకసారి ఇటొకసారి తిప్పుకుంటూ.

సరిత ఆ దినమే అందరి కామెంట్లూ తీసేసి, కామెంటు పెట్టే జాగనే మూసేసింది. ఒట్టు రాసిన మాట కూడా తీసేసింది.

ఇప్పటికీ రాస్తది. నవ్వు తగ్గింది, రాత పెరిగింది. ఎక్కువగా తలుపుల గురించి, బస్సుల గురించి, ఊరు కాని ఊర్లో కిరాయికి ఇల్లు అడిగే ఆడవాళ్ల గురించి రాస్తది. ఊరికే చదివి పోయేవాళ్ల చెప్పులు రావు కాబట్టి ఎవరు చదువుతున్నరో తెల్వదు. పట్టీ తెగిన చెప్పుతో ఆ పిల్ల ఎంత దూరం పోయిందో తెల్వదు. రాసింది పెట్టినంక సరిత కంప్యూటర్ ఆర్పేసి, తలుపు తీసి, కాసేపు గడప మీద కూర్చుంటది.

మెట్లు శుభ్రంగా ఉంటయి.