పోలేరమ్మ అభ్యంతరం

ఉదయగిరి కొండ కింద పడమటిపాళెంలో సెల్‌ఫోను లేని ఇల్లు లేదు గానీ, ఏ ఇంట్లోనూ సిగ్నల్ ఉండేది కాదు. మాట్లాడాలంటే ఊరి వెనక ఉన్న తిప్ప ఎక్కాలి. రాళ్ళూ ముళ్ళకంపా నిండిన చిన్న గుట్ట అది. సాయంత్రమైతే దాని మీద తలా ఒక దిక్కుకు తిరిగి నిలబడి మాట్లాడుకునే మనుషులు కనిపించేవాళ్ళు.

చిన్ని కూడా రోజూ ఎక్కేది. ఆమె భర్త ఆదెయ్య గొర్రెల మందతో సంగం దిక్కున ఉన్నాడు. కోతలైన మళ్ళలో జీవాలను మేపుకుంటూ, ఏ రైతు పిలిస్తే ఆ రైతు పొలంలో ఎరువు కోసం రాత్రికి మంద ఆపుకుంటూ, మెట్టలో వానలు పడేదాకా అక్కడే ఉంటాడు. చిన్నికి అప్పుడు ఐదో నెల. ఆమె తిప్ప ఎక్కుతుంటే అత్త పోలేరమ్మ కింద నిలబడి, కోడలు దిగి వచ్చేదాకా చూపు తిప్పేది కాదు. ఎక్కొద్దని మాత్రం ఎప్పుడూ అనలేదు. నిరుడు కాన్పులో చిన్నికి బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు, ఫోనులో మొగుడితో తప్ప. ఆ ఒక్క మాటనూ ఆపడానికి పోలేరమ్మకు నోరు రాలేదు.

ఆ ఎండాకాలంలోనే ఊరికి టవర్ వస్తుందని తెలిసింది. కంపెనీ తరఫున వచ్చినవాళ్ళు ఊరంతా తిరిగి చూసి, పక్కింటి శీనయ్య ఖాళీ స్థలం బాగుందన్నారు. ఆ స్థలానికీ పోలేరమ్మ ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. గోడకు ఇవతల చిన్ని పడుకునే గది.

ఊళ్ళో అందరూ సంబరపడ్డారు. పోలేరమ్మకు మాత్రం ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. టవర్ పక్కన ఉండే ఆడవాళ్ళకు కడుపు నిలవదని జలదంకిలో ఉండే ఆమె చెల్లెలు ఎప్పుడో చెప్పింది. చెల్లెలికి ఎవరు చెప్పారో తెలియదు. ఆ మాట చెబితే పిల్ల బెదిరిపోతుందని పోలేరమ్మ తనలోనే పెట్టుకుని, ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా పంచాయతీ ఆఫీసుకు నడిచిపోయింది.

పంచాయతీ కార్యదర్శి జయశ్రీది ఆత్మకూరు. రోజూ బస్సులో వచ్చి పోతుంది. పోలేరమ్మ భయమంతా ఆమె ఓపిగ్గా విన్నది. టవర్ నుంచి వచ్చే తరంగాలు ఎంతకు మించకూడదో పై ప్రభుత్వమే హద్దు పెట్టిందనీ, అందులో పంచాయతీ చేయగలిగింది ఏమీ లేదనీ చెప్పింది. కానీ టవర్ ఏ చోట పెట్టాలి, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఏమంటున్నారు అన్నది గ్రామసభలో అడిగి తీర్మానం చేయవచ్చు. అందుకని సభకు వచ్చి అభ్యంతరం చెప్పమన్నది.

"నేను అట్ట చెప్తే ఊరు నన్ను తిడతాది సెక్రటరమ్మా," అన్నది పోలేరమ్మ.

"తిడితే తిట్టనీ పెద్దమ్మా. నువ్వు నోరు తెరిచి చెప్తేనే నేను రాయగలిగేది."

గ్రామసభ బడి వరండాలో జరిగింది. పోలేరమ్మ లేచి, తమ గోడ పక్కన టవర్ వద్దని చెప్పింది. ఎందుకని అడిగితే కోడలి వైపు చూసి మాట మింగేసింది. శీనయ్యకు కోపం వచ్చింది. తన స్థలానికి అద్దె వస్తుంటే కళ్ళు కుట్టి అడ్డం పడుతున్నదన్నాడు. వెనక నుంచి ఇంకొందరు అందుకున్నారు. ఈమె మూలంగా టవర్ వేరే ఊరికి తరలిపోతే జవాబుదారు ఎవరని అడిగారు. పోలేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

అప్పుడు చిన్ని లేచింది. నలుగురిలో ఆ పిల్ల గొంతు ఎవరూ ఎన్నడూ విన్నది లేదు.

"టవర్ కావాల," అన్నది.

పోలేరమ్మ ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగింది.

"నిరుడు నాకు నొప్పులు వచ్చింది మిట్టమధ్యాన్నం. ఇంట్లో సిగ్నల్ లేదు. మా అత్త కాళ్ళకి చెప్పులు గూడా లేకుండా తిప్ప మీదకి పరిగెత్తినాది, 108కి ఫోన్ చేసేదానికి. దోవలో పడి మోకాలు పగిలింది. మళ్ళా లేచి ఎక్కినాది. అయినా బండి వచ్చేతలికి ఆలస్యం అయిపోయింది. ఇంకెవురికీ అట్ట ఎక్కే పని ఉండకూడదు. అందుకని కావాల. మా అత్త వద్దంటా ఉండేది గూడా నా కోసరమే. ఆమెని ఏమీ అనబాకండి."

పోలేరమ్మ వచ్చి కోడలి చెయ్యి పట్టుకుని, ఎక్కువసేపు నిలబడితే కాళ్ళు లాగుతాయని గొణుగుతూ కూర్చోబెట్టింది. కోడలికి తన భయం ఎప్పుడు తెలిసిందో, ఎలా తెలిసిందో ఆమెకు అర్థం కాలేదు.

అసలు టవరే వద్దా, ఆ చోటు వద్దా అని జయశ్రీ నెమ్మదిగా అడిగింది.

"టవర్ పెట్టుకోండి," అన్నది పోలేరమ్మ. "ఈ పిల్ల తలాపున మాత్రం వద్దు."

ఊరి చివర నీళ్ళ ట్యాంకు వెనక పంచాయతీ స్థలం ఉంది. టవర్ అక్కడ పెట్టాలని తీర్మానం రాశారు. శీనయ్య సంతకం పెట్టకుండానే వెళ్ళిపోయాడు. కంపెనీ ఇంజనీరు రాజమోహన్ వచ్చి చూసి, మెరక కాబట్టి అదీ పనికొస్తుందని ఒప్పుకున్నాడు.

చిన్నికి నెలలు నిండే వేళకు టవర్ పని చేయడం మొదలుపెట్టింది. జయశ్రీ అడిగిన మీదట రాజమోహన్ తరంగాలు కొలిచే మీటరు పట్టుకుని పోలేరమ్మ ఇంటికి వచ్చాడు. వాకిట్లో, గదిలో పెట్టి చూపించి, ఉండాల్సిన హద్దు కంటే చాలా తక్కువే ఉందని చెప్పాడు.

"ఉయ్యాల కట్టే చోట గూడా పెట్టి చూడు నాయనా," అన్నది పోలేరమ్మ.

అతను నవ్వలేదు. దూలం కింద ఉయ్యాల ఎంత ఎత్తున ఉంటుందో ఆమెనే అడిగి, సరిగ్గా అంత ఎత్తులో మీటరు పట్టుకుని నిలబడ్డాడు. అంకెలు పోలేరమ్మకు ఏమీ తెలియలేదు. కానీ ఆ మనిషి శ్రద్ధగా నిలబడిన తీరు నచ్చింది. మజ్జిగ తాగేదాకా పోనివ్వలేదు.

తర్వాత కొద్ది రోజులకే, ఒక పొద్దున చిన్నికి నొప్పులు మొదలయ్యాయి. పోలేరమ్మ ఫోను చేతికి తీసుకుని, చెప్పులు వెతుక్కోకుండా వాకిలి దాటి తిప్ప వైపు పరుగెత్తింది.

"అత్తా," అని లోపలి నుంచి పిలిచింది చిన్ని. "ఎక్కబాక. ఇక్కడ నుంచే చెయ్యి."

పోలేరమ్మ దోవలోనే ఆగింది. నిలబడిన చోటనే నంబరు నొక్కింది. అవతల మోగింది. మనిషి పలికాడు. ఊరి పేరు అతనికి అర్థం కాకపోతే, రెండోసారి కేక వేసి చెప్పింది.

ఆ కేక విని శీనయ్య బయటికి వచ్చాడు. సభ నాటి నుంచీ ఆ రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. అతను ఏమీ అడగకుండా లుంగీ ఎగ్గట్టి రోడ్డు మీదకు పోయి, బండికి దారి చూపించడానికి నిలబడ్డాడు. చిన్నిని బండి ఎక్కించేటప్పుడు కూడా ఒక చెయ్యి వేశాడు.

ఆత్మకూరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఆదెయ్య జీవాలను తోటివాళ్ళకు అప్పగించి, సంగంలో బస్సెక్కి వచ్చాడు. బిడ్డను ఎత్తుకోవడానికి భయపడి, కాళ్ళు మాత్రం తాకి చూశాడు. నాలుగు రోజులుండి, మంద కోసం మళ్ళీ పోక తప్పలేదు.

తల్లీ బిడ్డా పడమటిపాళెం వచ్చిన సాయంత్రం అతను ఫోను చేశాడు. గదిలో మంచం మీద కూర్చునే మాట్లాడింది చిన్ని. పాపకు తన గొంతు వినిపించమన్నాడు. ఆమె ఫోను పాప చెవి దగ్గరకు తీసుకుపోబోతే పోలేరమ్మ అడ్డుకున్నది.

"అంత దగ్గిర వద్దు మే. మీటరాయన చెప్పినాడులే. అయినా వద్దు."

చిన్ని వాదించలేదు. స్పీకరు పెట్టి, ఫోనును మంచం చివర దుప్పటి మీద ఉంచింది. అవతల ఆదెయ్య ఏం మాట్లాడాలో తోచక, గొర్రెలను మళ్ళించేటప్పుడు వేసే కూత వేశాడు. పాప కళ్ళు తెరిచి ఆ దిక్కుకు తల తిప్పింది.

"ఇంకోసారి కూయరా," అన్నది పోలేరమ్మ, ఫోను మీదకు వంగి.