చేతికొచ్చిన ముఖం

సకల జనుల సమ్మెతో బడి మూతపడినా, జాన్ సార్ కోరుట్లలోని తన ఇంటి వరండాలో మాకు డ్రాయింగ్ క్లాసు ఆపలేదు. ఒక ముఖం కుదిరేదాకా రెండోది ముట్టుకోనిచ్చేవారు కాదు. అందుకే తొమ్మిదో తరగతంతా నేను దుబాయిలో ఉన్న మా బాపు ఫొటో ఒక్కటే చూసి గీశాను.

ఆ శుక్రవారం పొద్దున ఉద్యమం వాళ్లు గడ్డి కుక్కిన దిష్టిబొమ్మను తెచ్చారు.

"మంత్రి ముఖం గీసియ్యుండ్రి సార్, జల్ది."

సార్ అట్టముక్క నా చేతికిచ్చారు. నేను మంత్రినే గీద్దామనుకున్నాను. కళ్లజోడు పెట్టాను, మీసం దట్టం చేశాను. ఏం చేయను? నా చేతికి ఇంకో ముఖం రాదు.

చౌరస్తాలో ఆడవాళ్లు వరుసగా బొమ్మను చెప్పులతో కొట్టారు. బీడీల చాట పక్కన పెట్టి మా అవ్వ కూడా వచ్చింది. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం. చెప్పు ఎత్తి, ఆగిపోయింది.

"ఏంది బిడ్డా, గిది మీ బాపు లెక్కున్నది?"

"కాదవ్వా, మంత్రి."

"కొట్టు అంజవ్వా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అవ్వ కొట్టింది. తర్వాత అగ్గిపుల్ల గీశారు. అట్ట ముందుగా కళ్ల దగ్గర నల్లబడింది.

బాపు ప్రతి శుక్రవారం నాలుగింటికి ఫోన్ చేస్తాడు. ఆ రోజు ఆరు దాటాక మోగింది. దుబాయి నంబరే, కానీ బాపుది కాదు.

అవ్వ బీడీ చుట్టడం ఆపి ఫోన్ నా వైపు తోసింది.

"నువ్వే ఎత్తు. గీసింది నువ్వే గద."