సోమవారం మందు

కప్పులు కడుగుతూనే నీలమ్మ మోచేతిని సింకు అంచుకేసి గీరుకుంది. గచ్చిబౌలిలోని ఆ ఆఫీసులో పదకొండేళ్లుగా ఆమె పని అదే, టీ పెట్టడం, కప్పులు కడగడం. ఆమె ఊపిరితిత్తుల క్యాన్సరుకు కొత్తరకం మందు మూడుసార్లు ఎక్కించారు. ఒంట్లోని బలాన్నే రోగం మీదికి ఉసిగొల్పే మందు అని నర్సు చెప్పింది. గడ్డ సగమైంది. కానీ రెండోసారి తర్వాత చేతులనిండా ఎర్రటి దద్దుర్లు లేచి, చర్మం పొట్టు రాలసాగింది. ఇప్పుడు నాలుగు రోజులుగా కుడికంటి రెప్ప వాలిపోయి లేవడం లేదు. ప్రతి కప్పూ రెండుగా కనిపిస్తోంది. లేని కప్పు కోసం వేళ్లు నీళ్లలో తడుముతున్నాయి.

"ఏందక్కా, పొద్దుగాలనే నాకు కన్ను గొడుతున్నవ్?" తోటి పనిమనిషి రమ్య నవ్వుతూ దగ్గరికొచ్చింది. నవ్వు ఆగిపోయింది. "రెప్ప గిట్ల వాలిందేంది? దవాఖానోళ్లు నంబరిచ్చిన్రు గద, ఫోన్ చెయ్యరాదు?"

"వేడి చేసింది బిడ్డా. సబ్జలు తాగితే దిగుతది."

"సబ్జలకు రెప్పలు లేస్తయా?"

నీలమ్మ మాట ముక్కులోంచి వచ్చింది. "చెప్తే మందు బంద్ చేస్తరు. పక్క మంచమామెకు గట్లనే ఆపిన్రు. సోమవారం నాలుగోది ఉన్నది. మా ప్రశాంతికి ఏడో నెల. తల్లిని నేనుండంగ పురుడు ఇంకెవరు పొయ్యాలె?"

రమ్య ఫోన్ తీసింది. నీలమ్మ ఆ చేతిని పట్టుకుని తన నెత్తిమీద పెట్టుకుంది. "నామీద ఒట్టు. సోమవారం దాకా ఆగు."

రమ్య ఫోన్ లోపల పెట్టేసింది.

మధ్యాహ్నం పెరుగన్నం నమలడానికే దవడలు అలసిపోయాయి. గడ్డాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని నాలుగు ముద్దలు తింది. సబ్జనీళ్లు గొంతు దిగక ముక్కులోంచి వచ్చేశాయి. కొంగుతో తుడుచుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది.

మూడింటికి టీ పళ్లెం ఎత్తలేక, అక్కడే స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించింది.

"జరసేపు కూసుంట. పాలు పొంగుతయి, చూడు."

రమ్య పాలు దించి తిరిగేసరికి నీలమ్మ పెదవులు నల్లబడుతున్నాయి. రమ్య ఒట్టు మరిచిపోయి ఆసుపత్రికి ఫోన్ చేసింది. "రెప్ప వాలిన రోజే రావాలి కదమ్మా! ఆ మందే ఒక్కోసారి కండరాల బలాన్ని, ఊపిరిని కూడా లాగేస్తుంది, దానికి వైద్యముంది" అంది నర్సు. అంబులెన్సు వచ్చేసరికి పాలు చల్లారాయి. నీలమ్మ ఊపిరి అంతకుముందే ఆగిపోయింది.

సాయంత్రం ప్రశాంతికి ఇవ్వడానికని రమ్య నీలమ్మ సామాను సర్దింది. సంచి అడుగున మడతపెట్టిన కొత్త జాకెట్టు ఉంది. మందు ఎక్కించడానికి వీలుగా ఎడమచేతి కుట్టు విప్పి, వరసగా టిచ్ బటన్లు కుట్టుకుంది. చివరి బటను సగం కుట్టి ఉంది, దారం తెంచలేదు.