ఫ్రీజర్ పక్కన కుట్టుమిషన్

"అయితే ఈ బఠానీలు పారబోయమంటావా?" అన్నాడాయన, ఫ్రీజర్ మూతను భుజంతో ఎత్తిపట్టుకుని.

"పారబొయ్యమని ఎవరన్నారు? పొద్దున తెచ్చిన చిక్కుళ్ళు ఇవాళ వండుకుందామన్నాను. అదీ తప్పేనా?" అంది భార్య.

"పాతవి ముందు, కొత్తవి తర్వాత. ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆయన గోడౌన్లో స్టోర్ కీపర్. అక్కడి పద్ధతిని ఇంటికి మోసుకొచ్చాడు. టోకు మార్కెట్లో చవగ్గా దొరికిందల్లా బస్తాలెక్కన తెచ్చి, ప్యాకెట్లు కట్టి మంచులో పాతేస్తాడు. నవనవలాడే చిక్కుళ్ళు లోపలికి, రాళ్ళలా బిగిసిన బఠానీలు బయటికి. ఎంత తాజా సరుకు గడప తొక్కినా, ఆ ఇంట్లో కంచంలోకి వచ్చేసరికి దానికి ముసలితనం వచ్చేది.

"తాజా కూర తినాలంటే మనం పక్కింట్లో పుట్టాల్సింది నాన్నా," అంది కూతురు.

"నోర్ముయ్యవే! మీ తాత చేతిలో డబ్బు మంచుగడ్డలా కరిగిపోయేది. నా కొడుకు గడ్డకట్టించి దాస్తున్నాడు," అంది అత్తగారు.

భార్య చిక్కుళ్ళు ఆయన చేతిలో పెట్టి కుట్టుమిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది. మిషన్ దగ్గరికి అంటే ఎంతో దూరం కాదు, ఫ్రీజర్ పక్కకే. ముందు గదిలో కిటికీ కింద ఒకప్పుడు బట్ట కత్తిరించుకునే బల్ల ఉండేది. ఆ చోటు ఫ్రీజర్ ఆక్రమించాక బల్ల సగానికి కోయించారు. పొడవాటి బట్టయితే మంచం మీద పరిచి కత్తిరిస్తుంది. అదైనా భరించింది. కానీ ఫ్రీజర్ తెరిచినప్పుడల్లా వచ్చే చేపల నీచు వాసన బట్టలకు పడుతోంది. చాలా కాలంగా కుట్టించుకునే టీచరమ్మ ఒకసారి కొత్త గౌను ముక్కు దగ్గర పెట్టుకుని, మొహమాటంగా నవ్వి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది కంటి డాక్టరమ్మ పని. పరీక్ష గదిలోకి వెలుతురు చొరబడకుండా లైనింగు వేసిన మందపాటి నల్ల కర్టెన్లు. ఇవి బాగుంటే ఆసుపత్రి మొత్తానికీ నీకే ఇస్తానంది డాక్టరమ్మ. అందుకే వాసన తగలకుండా ఇన్నాళ్ళూ పడకగదిలోనే దాచింది. కుట్టడం పూర్తయింది, రింగులు తగిలించడమే మిగిలింది. కర్టెన్లు బల్ల మీద మడిచిపెట్టి రింగుల కోసం బజారుకెళ్ళింది.

తిరిగొచ్చేసరికి వీధిలో కరెంటు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని గుమ్మాల్లో జనం చెప్పుకుంటున్నారు. ఇంట్లో ఆయన చొక్కా చేతులు మడిచి, చెమటలు కక్కుతూ, వెలిగిపోతున్న ముఖంతో ఎదురొచ్చాడు.

"ఒక్క ప్యాకెట్టు పోలేదు! మందపాటి గుడ్డ చుడితే చల్లదనం బయటికి పోదు. గోడౌన్లో మేం చేసేది ఇదే."

ఫ్రీజర్ నిండా నల్లటి మూటలు. ఆమె ఒకటి విప్పింది. చేపల ప్యాకెట్టు చిరిగి జిగట నీళ్ళు లైనింగులోకి ఇంకాయి. రెండోది కోడిమాంసం. తెల్లటి లైనింగు మీద గులాబీ రంగు మరక మెల్లగా పాకుతోంది.

"ఇవి డాక్టరమ్మవి."

"బల్ల మీద పడుంటే నాకేం తెలుసు? లోపల పెట్టుకోవద్దూ?"

"మందంగా ఉన్నాయని తెలిసింది కదా. కుట్టి ఉన్నాయని తెలియలేదా?"

"ఉతికితే పోతుందిలేవే," అంది అత్తగారు. "గుడ్డదేముంది? సరుకు దక్కింది, సంతోషించు."

ఉతికింది. లైనింగు కుంచించుకుపోయి కర్టెన్ అంచులు ఏడుపు మొహంలా ముడుచుకున్నాయి. ఎండలో వేసినా, అత్తరు చల్లినా నీచు వదల్లేదు. డాక్టరమ్మ కోప్పడలేదు. పాపం, నీకు ఇంట్లో వీలు కుదరడం లేనట్టుందమ్మా అంది. అంతకంటే తిట్టినా బాగుండేది. పని వేరే వాళ్ళకు పోయింది.

ఆమె ఏడవలేదు, సాధించలేదు. రెండు మధ్యాహ్నాలు మాత్రం ఎక్కడికో వెళ్ళొచ్చింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

రెండో రోజు రాత్రి అందరూ భోజనాలకు కూర్చున్నారు. ఆయన హుషారుగా ఉన్నాడు.

"మళ్ళీ కరెంటు పోతే కష్టం. ఫ్రీజర్‌కి ఇన్వర్టర్ పెట్టిద్దాం. మిషన్ కాస్త బాల్కనీలోకి జరిపితే చోటు సరిపోతుంది."

"వాన పడితేనో?" అంది కూతురు.

"పట్టా కప్పుకుంటుంది. ఏమంటావ్?" అన్నాడు భార్య వైపు తిరిగి.

ఆమె అత్తగారి కంచంలో అన్నం వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి కూర్చుంది.

"బాల్కనీలోకి అక్కర్లేదు. మూల మీద ఇస్త్రీ షాపు వెనక గది అద్దెకు తీసుకున్నాను. రేపు పొద్దున్నే మిషన్ అక్కడికి వెళుతుంది. ఇక పగలంతా నేనూ అక్కడే ఉంటాను. వంట సంగతి మీరు ముగ్గురూ చూసుకోండి. మిషన్ బరువు కదా, వీధి గుమ్మం దాకా మాత్రం ఎవరైనా ఓ చెయ్యి వెయ్యండి."